ఒకే చెవికి మూడు రిపోర్టులు: ఏది నమ్మాలి?

పేరు వెల్లడించవద్దని కోరిన ఒక పాఠకుడు రాసిన పెద్ద ఉత్తరం సారాంశం ఇది. ఆయన వయసు 44 ఏళ్ళు. 18 ఏళ్ళుగా ఒక ముద్రణాలయంలో యంత్రాల దగ్గర పనిచేస్తున్నారు. ఏడాది కాలంగా, భార్య పక్కగదిలోంచి ఒకటి అడిగితే తాను మరొకటి చెబుతున్నారనీ, నలుగురు కలిసి మాట్లాడుకునే చోట గొంతులు వినిపిస్తున్నాయి గాని మాటలు తెలియడం లేదనీ రాశారు. నాలుగు నెలల్లో మూడుసార్లు వినికిడి పరీక్ష చేయించుకుంటే మూడు రకాల ఫలితాలు వచ్చాయి. మొదటిది పనిచేసే చోటే, రాత్రి షిఫ్టు దిగిన వెంటనే, యంత్రాల హాలుకు ఆనుకుని ఉన్న గదిలో జరిగింది. వినికిడి బాగా తగ్గిందని రాసి ఇచ్చారు. రెండోది వినికిడి యంత్రాలు అమ్మే చోట, ఈయన తీవ్రమైన జలుబుతో ఉన్నప్పుడు జరిగింది. రెండు చెవులకూ యంత్రాలు కావాలన్నారు. మూడోది ఆసుపత్రిలో, శబ్దం చొరబడని గదిలో జరిగింది. డాక్టరు చూసి "నార్మల్" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి "చెవులు బాగానే ఉన్నాయి, నా మాటంటేనే లక్ష్యం లేదు" అని భార్య అంటున్నారు. చెవిలో సన్నని హోరు ఉండడం వల్ల మూడో పరీక్షలో కొన్నిసార్లు ఊహించి బటన్ నొక్కానని, గుండె డాక్టరు సలహాపై రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడుతున్నానని కూడా ఆయన చెప్పారు. ఏ రిపోర్టు నిజం, యంత్రం కొనాలా, పనిచేసే చోట చెబితే ఉద్యోగానికి ముప్పా, అసలిదంతా నా భ్రమేనా అన్నవి ఆయన ప్రశ్నలు.

మీరు మూడు ఆడియోగ్రామ్‌ల (వినికిడి పరీక్ష గ్రాఫుల) నకళ్ళు జతచేయడం మంచిదైంది. మీ సందేహాలకు సగం జవాబు వాటిలోనే ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ మూడు రిపోర్టుల్లో ఏదీ అబద్ధం కాదు, మీది భ్రమ కాదు, మీ శ్రీమతి ఫిర్యాదు కూడా ఉత్తదే కాదు. కాని మీ ఇంట్లో నడుస్తున్న వాదనకు ఆ కాగితాల్లో ఏదీ తీర్పు చెప్పలేదు, ఎందుకంటే అవి కొలిచింది వేరే సంగతి.

ఆడియోగ్రామ్ కొలిచేది ఒక్కటే: నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్కొక్క స్థాయి స్వరాన్ని విడివిడిగా వినిపించినప్పుడు, మీ చెవి పట్టుకోగల అతి చిన్న ధ్వని ఎంత అన్నది. సాధారణంగా 250 హెర్ట్జ్ నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఉన్న స్వరాలను వాడతారు. 250 అంటే బొంగురు ధ్వని, 8000 అంటే సన్నగా కీచుమనే ధ్వని. ధ్వని బలాన్ని డెసిబెల్‌లలో కొలుస్తారు. కాగితం మీద పైనున్న 0 డెసిబెల్ గీతను చూసి అక్కడ ధ్వనే లేదనుకుంటారు చాలామంది. అది నిశ్శబ్దం కాదు. చెవి జబ్బులేవీ లేని యువతీయువకులు సగటున వినగలిగిన అతి చిన్న ధ్వనికి పెట్టిన గుర్తు. అందుకే కొందరికి మైనస్ 5, మైనస్ 10 కూడా వస్తుంటాయి. చెవి అన్ని స్వరాలకూ ఒకేలా స్పందించదు. 250 హెర్ట్జ్ స్వరం వినిపించాలంటే 1000 హెర్ట్జ్ స్వరం కంటే దాదాపు 20 డెసిబెల్ ఎక్కువ బలం కావాలి. ఆ తేడాను పరీక్ష చేసే యంత్రంలోనే సరిచేసి, అన్నిచోట్లా 0 అని చూపిస్తారు. పైగా ఈ గ్రాఫులో అంకెలు కిందికి పోయేకొద్దీ పెరుగుతాయి, అంటే గీత కిందికి జారితే వినికిడి తగ్గినట్టు. ఈ తలకిందుల పద్ధతి ఎవరికి తోచిందో గాని, మొదటిసారి చూసేవారిని ఇది తప్పకుండా తికమక పెడుతుంది.

మీరు "చాలాసార్లు నొక్కలేకపోయాను, ఫెయిలయ్యాను" అని రాశారు. ఆ బెంగ మీకు అక్కరలేదు, ఎందుకంటే పరీక్ష పద్ధతే మీరు కొన్ని స్వరాలు తప్పిపోయేలా ఉంటుంది. మీ మూడో రిపోర్టులో కుడిచెవికి 4000 హెర్ట్జ్ దగ్గర 40 అని ఉంది కదా, ఆ అంకె ఎలా తేలుతుందో చూడండి. 60 దగ్గర స్వరం వినిపించి మీరు బటన్ నొక్కితే 10 తగ్గించి 50 దగ్గర వినిపిస్తారు. నొక్కితే 40, మళ్ళీ నొక్కితే 30. అక్కడ మీరు ఊరుకుంటే 5 పెంచి 35 దగ్గర వినిపిస్తారు; అప్పటికీ నొక్కకపోతే 40. నొక్కగానే మళ్ళీ 10 తగ్గించి, తిరిగి ఐదేసి చొప్పున పైకి వస్తారు. ఇలా కింది నుంచి పైకి వచ్చినప్పుడల్లా, కనీసం సగంసార్లు మీరు పట్టుకోగలిగిన అతి చిన్న స్థాయి ఏదో దాన్నే రాస్తారు. పది తగ్గించి ఐదు పెంచే ఈ పద్ధతిని హ్యూసన్, వెస్ట్‌లేక్ అనే ఇద్దరు 1944లో ప్రతిపాదించారు. 1959లో కార్‌హార్ట్, జెర్గర్ దాన్ని సవరించారు. కొద్దిపాటి మార్పులతో ఇప్పటికీ అదే నడుస్తోంది. కాబట్టి 40 అన్నది వినిపించడానికీ వినిపించకపోవడానికీ మధ్య గీసిన గోడ కాదు. 39 దగ్గర అంతా నిశ్శబ్దం, 41 దగ్గర అంతా స్పష్టం అని దాని అర్థం కాదు. మీ శ్రద్ధ, అలసట, "కచ్చితంగా వినిపిస్తేనే నొక్కుతాను" అనే జాగ్రత్త లేదా "ఏమో, వినిపించినట్టే ఉంది" అనే తొందర, ఇవన్నీ ఆ అంకెను కొద్దిగా అటూఇటూ జరుపుతాయి. అదే మనిషిని, అదే గదిలో, మర్నాడు పరీక్షించినా 5 డెసిబెల్ తేడా రావడం మామూలే.

హోరు వల్ల ఊహించి నొక్కానన్నారు. అదీ అరుదు కాదు. పరీక్షించేవారు స్వరం ఇవ్వని సమయంలో మీరు నొక్కితే అది వారికి కనిపిస్తుంది. ఈసారి వెళ్ళినప్పుడు మొదటే "నా చెవిలో హోరు ఉంది" అని చెప్పండి. ఏకధాటి స్వరానికి బదులు ఆగి ఆగి వచ్చే స్వరాన్నో, వణుకుతూ వచ్చే స్వరాన్నో వాడతారు. అది హోరులో అంత తేలిగ్గా కలిసిపోదు.

ఇక మీ మూడు రిపోర్టులకు వద్దాం. మొదటి దాంట్లో 500, 1000, 2000 హెర్ట్జ్‌ల దగ్గర 30, 4000 దగ్గర 60 ఉన్నాయి. రెండు వేర్వేరు కారణాలు కలిసి ఆ గీతను కిందికి లాగాయి. పక్క హాలులోని యంత్రాల రొద గదిలోకి వస్తుంటే బొంగురు స్వరాలు ఆ రొదలో మునిగిపోతాయి. తక్కువ హెర్ట్జ్‌ల దగ్గరి 30లో మీ చెవి వాటా ఎంతో, గది వాటా ఎంతో విడదీయలేం. రెండోది, రాత్రంతా పెద్ద శబ్దంలో గడిపిన చెవి కొన్ని గంటలపాటు మొద్దుబారి ఉంటుంది. లోపలి చెవిలో ధ్వనిని పట్టే రోమకణాలు తేరుకోవడానికి గంటల నుంచి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. అందుకే అమెరికాలోని కార్మిక భద్రతా నిబంధనలు, ఒక కార్మికుడి తొలి వినికిడి పరీక్షకు ముందు 14 గంటలపాటు పనిచోటి శబ్దానికి దూరంగా ఉంచాలంటాయి. మీరు షిఫ్టు దిగి నేరుగా వెళ్ళి కూర్చున్నారు. ఆ 60లో కొంత శాశ్వతం, కొంత ఆ రాత్రిది.

రెండో రిపోర్టులో 500 నుంచి 2000 దాకా 35, 4000 దగ్గర 50 ఉన్నాయి. జలుబు బాగా ఉన్నప్పుడు ముక్కు వెనక నుంచి చెవికి పోయే గొట్టం సరిగా తెరుచుకోదు. కర్ణభేరి వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఒక్కోసారి నీరు చేరుతుంది. అప్పుడు కర్ణభేరి, దాని వెనకున్న చిన్న ఎముకలు స్వేచ్ఛగా కదలవు. చెవిలో గులిమి గట్టిపడి దారి మూసుకుపోయినా ఇలాంటి అడ్డంకే ఏర్పడుతుంది. లోపలి చెవి బాగున్నా ధ్వని అక్కడికి పూర్తి బలంతో చేరదన్నమాట. దీన్ని తేల్చుకోవడానికి చెవి వెనకున్న ఎముక మీద చిన్న కంపన పరికరం పెట్టి మరోసారి పరీక్షిస్తారు. అది బయటి చెవినీ మధ్య చెవినీ దాటేసి ధ్వనిని నేరుగా లోపలి చెవికి చేరుస్తుంది. ఎముక ద్వారా బాగా వినిపించి గాలి ద్వారా వినిపించకపోతే లోపం దారిలో ఉందని అర్థం; అలాంటి వాటిలో చాలావరకు వైద్యంతో నయమవుతాయి. మీ రెండో కాగితంలో ఎముక ద్వారా చేసిన పరీక్ష గుర్తులే లేవు. నిర్మొహమాటంగా చెప్పాలంటే, ఆ పరీక్ష చేయకుండా, చెవి లోపల చూడకుండా, జలుబుతో వచ్చిన మనిషికి రెండు యంత్రాలు కావాలని చెప్పడం తొందరపాటు. ఆ అంకెల ప్రకారం యంత్రాన్ని సరిచేసి ఇచ్చి ఉంటే, మీకు అవసరమే లేని బొంగురు స్వరాలను అది పెంచి, ప్రతి మాటా గుహలోంచి వచ్చినట్టు చేసేది.

మూడోది మిగతా రెండింటికంటే నమ్మదగినది. కుడిచెవికి 500 దగ్గర 10, 1000 దగ్గర 15, 2000 దగ్గర 20, 4000 దగ్గర 40, 8000 దగ్గర 25. ఎడమచెవి ఇంచుమించు అదే, 4000 దగ్గర మాత్రం 45. ఇప్పుడు లెక్క చూడండి. పాత అలవాటు ప్రకారం 500, 1000, 2000 మూడింటి సగటు తీస్తే 15 వస్తుంది. 25 లోపు నార్మల్ అనే పాత కొలమానంతో చూస్తే మీరు నిక్షేపంగా ఉన్నట్టే. 4000ను కూడా కలిపి నాలుగింటి సగటు తీస్తే 21 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి వర్గీకరణలో, మెరుగైన చెవికి ఈ నాలుగింటి సగటు 20 కంటే తక్కువ ఉంటేనే నార్మల్. 20 నుంచి 35 లోపు స్వల్ప లోపం. అంటే ఒకే కాగితాన్ని ఒక డాక్టరు నార్మల్ అనవచ్చు, మరొకరు స్వల్ప లోపం అనవచ్చు, ఇద్దరూ తప్పు కాకపోవచ్చు. గీతను ఎక్కడ గీశారన్న దాన్ని బట్టి పేరు మారింది, మీ చెవి మారలేదు.

నన్ను ఆపింది సగటు కాదు, ఆ గీత ఆకారం. 2000 దాకా దాదాపు బల్లపరుపుగా వచ్చి, 4000 దగ్గర గుంటలా దిగి, 8000 దగ్గర మళ్ళీ పైకి లేచింది. చాలా ఏళ్ళు పెద్ద శబ్దంలో పనిచేసినవారి చెవుల్లో తరచుగా కనబడే గుంట ఇది. వయసుతో వచ్చే లోపంలో గీత మామూలుగా 8000 వైపు దిగుతూనే పోతుంది గాని ఇలా తిరిగి లేవదు. గుంట ఒక్కటే చూసి కారణం ఖాయం చేయలేం గాని, 18 ఏళ్ళ యంత్రాల హాలును పక్కన పెట్టుకుని చూస్తే అనుమానం అటే పోతుంది. మీ ఆస్పిరిన్ మీద నాకు అనుమానం లేదు. రోజుకు గ్రాముల లెక్కన వాడితే అది చెవిలో హోరు, వినికిడి తగ్గుదల తేగలదు, మానేస్తే సాధారణంగా తగ్గిపోతాయి కూడా. గుండె కోసం ఇచ్చే చిన్న మోతాదు అలాంటిది కాదు. మీ అంతట మీరు దాన్ని ఆపవద్దు. జెంటామైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు గాని, సిస్‌ప్లాటిన్ వంటి కేన్సర్ మందులు గాని ఎప్పుడైనా వాడి ఉంటే మాత్రం తదుపరి పరీక్షలో చెప్పండి. అవి చెవికి శాశ్వతంగా హాని చేయగలవు.

ఇప్పుడు మీ ఇంటి సమస్య. తెలుగు మాటలో అచ్చుల బలమంతా ఎక్కువగా తక్కువ హెర్ట్జ్‌లలో ఉంటుంది; అవి మీకు బాగా వినిపిస్తాయి, అందుకే మీ శ్రీమతి గొంతు మీకు చేరుతుంది, ఎవరో ఏదో అన్నారని తెలుస్తుంది. హల్లుల పని వేరు. "కట్టు", "పట్టు", "తట్టు" అన్న మూడు మాటలను వేరుచేసేది మొదటి హల్లులోని క్షణకాలపు చిట్లుడు, దాని వెంటనే అచ్చులోకి జారే మలుపు. ఆ ఆనవాళ్ళలో చాలా భాగం 2000, 4000 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. "స" ధ్వని బలం 4000 చుట్టూ, దానికి పైన ఉంటుంది. సరిగ్గా మీ గుంట ఉన్న చోటు అది. ఎదురుగా కూర్చుని మాట్లాడితే పెదవులు చూసి, సందర్భం చూసి మీ బుర్ర ఆ ఖాళీ పూరించుకుంటుంది. పక్కగదిలోంచి వస్తే పెదవులు కనబడవు, గోడలకూ తలుపులకూ తగిలి సన్నని ధ్వనులే ముందు నీరసిస్తాయి, దూరం రెట్టింపైన ప్రతిసారీ నేరుగా వచ్చే ధ్వని దాదాపు 6 డెసిబెల్ తగ్గుతుంది. ఇక నలుగురి మధ్య మిగతావారి గొంతులే అడ్డు. వీటిలో ఏదీ శబ్దం చొరబడని గదిలో, ఒక్కొక్కటిగా వచ్చే స్వరాలతో బయటపడదు.

మరో సంగతి ఉంది. 2009లో కుజావా, లిబర్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలపై చేసిన పరిశోధనలో, పెద్ద శబ్దం తర్వాత వినికిడి స్థాయి మామూలు స్థితికి వచ్చినా, రోమకణాలకూ శ్రవణ నాడికీ మధ్యనున్న సంధుల్లో కొన్నిచోట్ల సగం దాకా శాశ్వతంగా పోయినట్టు తేలింది. మనుషుల్లో ఇది ఏ మేరకు జరుగుతుందన్న చర్చ సాగుతూనే ఉంది గాని, ఆడియోగ్రామ్ బాగున్నంత మాత్రాన చెవి వ్యవస్థ అంతా బాగున్నట్టు కాదన్న మాట దీనివల్ల బలపడింది.

మీ శ్రీమతి అంటున్న "లక్ష్యం" కూడా దీనికి దూరంగా లేదు. సగం వినిపించిన మాటను పూరించుకోవడానికి శ్రద్ధ ఖర్చవుతుంది. రాత్రంతా యంత్రాల దగ్గర గడిపి వచ్చిన మనిషి దగ్గర ఆ శ్రద్ధ తక్కువే మిగులుతుంది, కొన్నాళ్ళకు ప్రయత్నించడమే మానేస్తాడు. ఆమె చూస్తున్నది ఆ మానేయడాన్ని. ఈ ఉత్తరం ఆమెకు చూపించి వాదన గెలవాలని చూడకండి. ఈసారి పరీక్షకు ఆమెను వెంట తీసుకెళ్ళండి. మీకు ఎక్కడ, ఎప్పుడు మాట తప్పిపోతోందో మీకంటే ఆమెకే ఎక్కువ తెలుసు.

మీ ముందున్న దారులు ఇవి. ఏమీ చేయకుండా ఊరుకోవచ్చు. ఈ స్థాయి లోపంతో అది ప్రమాదకరమేమీ కాదు, కాని యంత్రాల శబ్దంలో చెవులకు రక్షణ లేకుండా ఊరుకుంటే గుంట లోతవుతుంది, 2000 వైపూ విస్తరిస్తుంది, పోయింది తిరిగి రాదు. లేదా, వారపు సెలవు ముగిసే పూట, కనీసం 16 గంటలు పెద్ద శబ్దానికి దూరంగా ఉండి, జలుబు లేనప్పుడు, ఆసుపత్రిలోనే మరొక్కసారి పరీక్ష చేయించుకోవచ్చు. అప్పుడు ముందు చెవిలో గులిమి చూడమనండి. ఎముక ద్వారా పరీక్ష, కర్ణభేరి కదలికను కొలిచే పరీక్ష, అన్నిటికంటే ముఖ్యంగా రొద మధ్య మాటలను వినిపించి చేసే పరీక్ష అడగండి. మీ ఫిర్యాదుకు దగ్గరగా వచ్చే కొలత ఆ చివరిదే. నా మొగ్గు ఈ దారికే. ఫోన్‌లోని యాప్‌లు దీనికి సాటిరావు: మీ ఇయర్‌ఫోన్ ఎంత బలంగా పలుకుతోందో వాటిలో చాలావాటికి తెలియదు. రొదలో అంకెలు వినిపించి పరీక్షించే ప్రపంచ ఆరోగ్య సంస్థ యాప్ హియర్ డబ్ల్యూహెచ్‌వో వంటివి ఫోన్ శబ్దం మీద అంతగా ఆధారపడవు గాని, అవి కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళాలా వద్దా అన్నది చెప్పడానికే.

వినికిడి యంత్రం వద్దనడం లేదు. రొదలో పరీక్షలో మీకు నిజంగా ఇబ్బంది ఉందని తేలితే, పై స్వరాలను మాత్రమే పెంచి, చెవి దారిని పూర్తిగా మూయని రకాన్ని కొన్ని వారాలు వాడి చూసే వీలు ఉందేమో అడగండి. ఇంట్లో, ఎదురెదురు మాటల్లో లాభం తెలుస్తుంది. జనం మధ్య కొంతే తెలుస్తుంది, ఎందుకంటే యంత్రం పక్కవారి మాటలనూ పెంచుతుంది. నచ్చకపోతే తిరిగి ఇచ్చే వెసులుబాటు లేని చోట ఇప్పుడే కొనకండి. యంత్రం కొన్నా కొనకపోయినా, ఒకే గదిలోకి వచ్చి, ముఖం కనబడేలా మాట్లాడుకోవడం అనే ఏర్పాటు మీ ఇద్దరికీ అవసరమే.

పనిచోట చెప్పాలా అన్నది మీరే తేల్చుకోవలసిన విషయం. మీ యాజమాన్యం స్వభావం నాకు తెలియదు. దాచితే ఉద్యోగానికి తక్షణ ముప్పు ఉండకపోవచ్చు గాని, షిఫ్టు దిగి చేసిన ఆ మొదటి పరీక్షే మీ రికార్డులో ఆధారంగా నిలిచిపోతుంది. అందులో 4000 దగ్గర 60 ఉంది. మీ అసలు స్థాయి 40 అయినప్పుడు, రాబోయే ఏళ్ళలో అది 55కు చేరినా రికార్డు ప్రకారం మీకు ఏమీ జరగనట్టే. కాబట్టి మిగతావి చెప్పినా చెప్పకపోయినా, "శబ్దానికి దూరంగా ఉన్నాక మళ్ళీ పరీక్ష చేయించండి" అని లిఖితపూర్వకంగా కోరడం మీకే మేలు. చేయి చాచినంత దూరంలో ఉన్న తోటివారితో మీరు గొంతు పెంచి అరవవలసి వస్తోందంటే అక్కడ శబ్దం 85 డెసిబెల్ దరిదాపుల్లోనో అంతకు పైనో ఉందనుకోవచ్చు. రోజుకు 8 గంటలు ఉండవలసి వస్తే చెవులకు రక్షణ తప్పనిసరి అని చాలాచోట్ల పెట్టుకున్న హద్దు అదే. దూదిని చెవిలో కుక్కుకోవడం రక్షణ కాదు. స్పంజి ప్లగ్‌ను వేళ్ళతో సన్నగా చుట్టి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి పోనిచ్చి, అది ఉబ్బేదాకా కొద్దిసేపు పట్టుకోవాలి. బయటికి సగం పొడుచుకుని కనబడుతుంటే అది తన పని చేయడం లేదు.

కొన్ని లక్షణాలకు మాత్రం దారులు ఎంచుకునే తీరిక ఉండదు. ఒక చెవి గంటల్లో గాని రెండుమూడు రోజుల్లో గాని హఠాత్తుగా మూగబోతే అది అత్యవసరం. జలుబేలే అని వారాలు ఆగితే స్టెరాయిడ్ చికిత్స పనిచేసే అవకాశం తగ్గిపోతుంది. ఒక చెవిలోనే హోరు ఉండడం, కళ్ళు తిరగడం, చెవి కారడం, రెండు చెవుల గీతల మధ్య పెద్ద ఎడం కనబడడం వంటివి ఉంటే చెవి, ముక్కు, గొంతు వైద్యుడిని చూడాలి. మీ హోరు ఒక చెవిలోనా రెంటిలోనా అన్నది మీరు రాయలేదు. ఒక చెవిలోనే అయితే ఈ వారంలోనే వెళ్ళండి.

మళ్ళీ చేయించే పరీక్ష కాగితాన్ని భద్రపరచుకుని, ఏడాదికొకసారి వీలైతే అదే చోట, అవే జాగ్రత్తలతో పరీక్ష చేయించుకోండి. 4000 దగ్గర 5 తేడా వస్తే పట్టించుకోనక్కరలేదు. వినికిడి 10 లేదా అంతకుమించి తగ్గి, తిరిగి చేసినా అదే వస్తే, మీరు వాడుతున్న చెవి రక్షణ చాలడం లేదని అర్థం. ఆ కాగితం పట్టుకుని ముందు పనిచోట భద్రత చూసేవారి దగ్గరికి వెళ్ళండి, వినికిడి యంత్రాలు అమ్మే చోటికి తర్వాత వెళ్ళవచ్చు.